రామబ్రహ్మ సన్యాల్ పనిచేసిన జూ

కోల్‌కతాలో ముందుగా ఆలీపూర్ జూకి వెళ్దామంటే మా బావ పకపకా నవ్వాడు. ఆయనది ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం. "ఏంట్రా, రాత్రంతా రైల్లో వచ్చింది కోతుల్ని చూడ్డానికా? విశాఖలో జూ లేదా?" అన్నాడు. ఎందుకు లేదు, ఉంది. కంబాలకొండ పక్కనే, 625 ఎకరాల్లో. ఆలీపూర్ జూ అందులో పదో వంతు కూడా ఉండదు. కానీ మన జూ తెరిచింది 1977లో. దీని వయసు అంతకంటే వందేళ్ళు ఎక్కువ.

1876 జనవరి 1న వేల్స్ యువరాజు దీన్ని ప్రారంభించాడు. ఏడవ ఎడ్వర్డ్ పేరుతో తర్వాత చక్రవర్తి అయింది ఆయనే. మొదట్లో ఇక్కడున్న జంతువుల్లో చాలావరకు కార్ల్ ష్వెండ్లర్ అనే జర్మన్ సొంతంగా పెంచుకున్నవి. టెలిగ్రాఫ్ శాఖలో విద్యుత్ నిపుణుడికి ఇన్ని జంతువులెందుకో! అంతకుముందు బారక్‌పూర్‌లో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ పెట్టిన జంతుశాల ఒకటి ఉండేది. అక్కడి ప్రాణులు కూడా ఇక్కడికి చేరాయి.

అలా వచ్చిన వాటిలో అద్వైత అనే అల్డాబ్రా తాబేలు ఉంది. ఒకప్పుడు రాబర్ట్ క్లైవ్ దగ్గర పెరిగిందని, 2006 మార్చిలో చనిపోయేనాటికి దాని వయసు 250 దాటిందని చెప్తారు. క్లైవ్ సంగతి కథే అనుకున్నా, 1870ల్లో వచ్చి 2006 దాకా ఇక్కడే బతికిందంటే మామూలు విషయమా? "మీ తాతయ్య పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉందన్నమాట" అన్నాను. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న బావ తలెత్తాడు.

నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది మాత్రం తాబేలు కాదు, రామబ్రహ్మ సన్యాల్. కలకత్తా మెడికల్ కాలేజీలో చదువుతూ కంటి జబ్బు వల్ల మధ్యలో మానేసిన కుర్రాడు. అక్కడ వృక్షశాస్త్రం చెప్పే జార్జ్ కింగ్ ఆయన్ని జూలో చిన్న పనిలో పెట్టించాడు. జూ కడుతున్న కూలీల మీద అజమాయిషీ. అక్కడ మొదలై సూపరింటెండెంట్ దాకా ఎదిగాడు. ఏ జంతువు ఏం తింది, ఎలా ఉంది, ఎప్పుడు జబ్బుపడింది, ఏ మందు ఇస్తే కోలుకుంది అన్నీ రాయించేవాడు. ఆ అనుభవమంతా 1892లో ఒక పుస్తకంగా వచ్చింది. బంధించిన జంతువుల పోషణ మీద అలాంటి పుస్తకాలు ప్రపంచంలోనే అరుదుగా ఉన్న రోజులవి.

ఆయన హయాంలోనే, 1889లో, ఇక్కడ ఒక సుమత్రా ఖడ్గమృగం పిల్లను కన్నది. ఒంటి మీద జుట్టు, రెండు కొమ్ములు ఉండే చిన్న ఖడ్గమృగం అది. ఆ తర్వాత జూలో కడుపు పండి, బతికి బట్టకట్టిన పిల్ల మళ్ళీ పుట్టింది 2001లో, అమెరికాలోని సిన్సినాటిలో. మధ్యలో 112 ఏళ్ళు! స్కానింగులు, హార్మోన్ పరీక్షలు వచ్చాక గానీ రెండోసారి కుదరలేదు. ఇప్పుడు ఆ జాతిలో వంద కూడా మిగల్లేదు.

ఆ విషయం చెప్తుండగానే మన ఒంటికొమ్ము ఖడ్గమృగం దగ్గరికి వచ్చాం. బురదలో ఒక పక్కకి పడుకుని ఉంది. చెవి మాత్రం కదులుతోంది, ఈగ వాలినప్పుడల్లా. మెడ దగ్గరి మడతల్లో బురద ఎండి బీటలు వారింది. ఓ పావుగంట నిలబడ్డాం. అది మా వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు.

జిరాఫీల దగ్గర జనం ఎక్కువ. ఒకటి కమ్మీల మీదుగా మెడ చాచి కొమ్మ అందుకుంది. నల్లగా, కాస్త ఊదా రంగు కలిసిన నాలుక. అడుగున్నర పొడవుంటుంది. దాన్ని కొమ్మకి చుట్టి ఒక్క లాగు లాగితే ఆకులన్నీ నోట్లోకి, కొమ్మ బోసిగా ఇటు. పసుపు అనకొండలు అద్దం వెనక ఒకదాని మీద ఒకటి చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. వీటిని 2019లో చెన్నై దగ్గరి మొసళ్ళ బ్యాంకు నుంచి తెచ్చారు. తెల్లపులి, హిప్పో, జీబ్రా, కంగారూ, అన్నీ ఉన్నాయి. వాటి గురించి పెద్దగా రాసేదేం లేదు, ఏ జూలోనైనా అంతే.

ఈ జూ చరిత్రలో నాకు నచ్చని పేజీ కూడా ఉంది. 1970ల్లో పులినీ సింహాన్నీ కలిపి టైగాన్లను పుట్టించారు. రుద్రాణి అనే ఆడ టైగాన్‌ని మళ్ళీ సింహంతో కలిపితే లిటైగాన్లు పుట్టాయి. క్యూబనాకన్ అనే లిటైగాన్ 363 కిలోలు తూగింది, 1991లో చనిపోయింది. జనం విరగబడి చూశారట. చూడరా మరి! కానీ ఆ పిల్లల్లో చాలావాటికి పుట్టుకతోనే లోపాలు. అడవిలో ఎక్కడా లేని జంతువుని టికెట్ కోసం తయారుచేయడం ఏం సైన్సు? 1985లో ప్రభుత్వమే ఆపించింది, మంచిపని చేసింది.

మధ్యలో పెద్ద చెరువుంది. చలికాలం ఈలబాతులు వలస వస్తాయి. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక వాటి రాక బాగా తగ్గిందట. మేం చూసినప్పుడు మాత్రం ఒడ్డున కొన్ని గుంపుగా తేలుతున్నాయి. చెట్ల మీదుగా చూస్తే వాటి వెనక ఒక ఎత్తైన భవనం బాల్కనీల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి. నగరం జూని నాలుగువైపులా నొక్కేస్తోంది. ఈ కాలపు లెక్కల్లో పెద్ద జంతువులకి ఈ చోటు చాలదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. గురువారం సెలవు. డిసెంబర్ 25, జనవరి 1 మాత్రం వద్దు. కోల్‌కతా జనానికి ఆ రోజుల్లో జూ అంటే తిరునాళ్ళే. 1996 జనవరి 1న ఇద్దరు తాగిన మత్తులో పులికి దండ వేస్తామని ఎన్‌క్లోజర్‌లోకి దిగారు. ఒకడు తిరిగి రాలేదు. ఇది విన్నాక బావ, "దండ వేస్తే పులి దణ్ణం పెడుతుందనుకున్నాడా ఏంటి?" అని, అక్వేరియం ఎటో కనుక్కోవడానికి ముందుకు నడిచాడు.