అమెరికా క్రికెట్‌కి అసలు చిక్కు మట్టితోనే

2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా సూపర్ ఓవర్లో పాకిస్తాన్‌ను ఓడించాక అందరూ ఆటగాళ్లనే పొగిడారు. నా ధ్యాసంతా పిచ్‌ల మీదే.

న్యూయార్క్ నసావు మైదానం పిచ్‌లను ఫ్లోరిడాలో ట్రేలలో పెంచి, లారీల్లో తెచ్చి మే నెలలో దించారు. జూన్ 3నే తొలి మ్యాచ్! తెచ్చిపెట్టిన పిచ్ కింద నేలతో కుదురుకోవాలి, రోలర్ కింద గట్టిపడాలి, నాలుగు మ్యాచ్‌లు ఆడి చూడాలి. అంత వ్యవధి ఎక్కడిది? ఒక బంతి మోకాలి కిందికి జారితే, అదే లెంగ్త్‌లో పడ్డ ఇంకోటి మొహం మీదికి లేచింది. శ్రీలంక 77, ఐర్లాండ్ 96కి ఆలౌట్. 119 కొట్టిన భారత్ కూడా పాకిస్తాన్‌పై గెలిచింది.

డల్లాస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో కథ వేరు. పాత బేస్‌బాల్ స్టేడియాన్ని మార్చి, 2023లోనే అమెరికా టీ20 లీగ్ అయిన మేజర్ లీగ్ క్రికెట్ ఆడించారు. 2024 ప్రపంచకప్‌లో అక్కడ కెనడా 194 కొడితే అమెరికా 17.4 ఓవర్లలోనే ఛేదించింది.

క్లబ్బుల్లో మాత్రం చాలాచోట్ల కాంక్రీటు మీద చాపలా పరిచే మ్యాటింగే. డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగు జట్లకీ ఇది బాగా తెలుసు. మ్యాట్‌ని బిగించి లాగకపోతే ముడత మీద పడ్డ బంతి ఎటైనా పోతుంది. బాగా బిగిస్తే బౌన్స్ ఎత్తుగా, ఒకేలా వస్తుంది. దానికే అలవాటుపడ్డ కుర్రాడు మట్టి పిచ్ మీద కిందికుండే బంతికి ఎల్బీ అయిపోతాడు. స్టేడియాల కంటే ముందు ఊరికో మట్టి పిచ్, దాన్ని చూసుకునే మనిషి కావాలి.