గాజుతొట్టిలో ఒక మడి

చేపల తొట్టిలో మొక్కలు పెంచడానికి 3,800 రూపాయలు పెట్టి తొమ్మిది లీటర్ల మట్టి కొన్నానని ఫోనులో చెప్పినప్పుడు మా నాన్న కాసేపు మాట్లాడలేదు. లైను తెగిపోయిందేమో అనుకున్నాను. ఆ తర్వాత నెమ్మదిగా “మట్టినా?” అన్నాడు. ఇంకాస్త ఆగి, “లీటర్ల లెక్కనా?” అని అడిగాడు. మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద నలభై ఏళ్లు వరి పండించిన మనిషి ఆయన. ఆ రెండింటిలో ఏది ఎక్కువ విడ్డూరంగా తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నిజానికి ఆ సంచి నా రెండో ప్రయత్నం. మొదటిది చవకగానే పూర్తయింది, చవకగానే పాడైంది కూడా. హైదరాబాద్‌లో మేముండే ఫ్లాటులో హాలు కిటికీ పక్కన రెండడుగుల తొట్టి పెట్టాను. పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 36 సెంటీమీటర్లు. నాకు చేపలకన్నా మొక్కల మీదే మోజు. ఆ మాటే దుకాణదారుకు చెబితే బఠాణీ గింజంత తెల్లరాళ్ల సంచులు మూడు ముందు పెట్టాడు. “వీటిలో మొక్కలు వస్తాయా?” అని అడిగితే “అన్నీ వస్తాయి మేడమ్” అన్నాడు. అన్నీ వచ్చాయి, పాచితో సహా. అమెజాన్ స్వోర్డ్ మొక్క కొత్త ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపు రంగుకు తిరిగాయి. రొటాలా కాడలు కింది నుంచి కుళ్లి ఒక్కొక్కటిగా పైకి తేలాయి. రాళ్ల సందుల్లోకి జారిన చేపల మేత అక్కడే కుళ్లి, తెల్లరాళ్లు నెలన్నరకు టీ మరకలు పడిన గిన్నెల్లా తయారయ్యాయి.

ఒక ఆదివారం ఆ రాళ్లు నాలుగు స్టీలు గిన్నెలో వేసి, వంటింట్లోని వెనిగర్ పోశాను. సోడా మూత తీసినట్టు సన్నని బుడగలు బయలుదేరాయి. చెవి దగ్గర పెడితే చిన్నగా చిటపట కూడా వినిపించింది. అవి పాలరాతి ముక్కలు, అంటే సున్నపురాయి జాతి. అసలు నేరమంతా సున్నానిదేనని ఆరోజు తీర్మానించేశాను. అది సగమే నిజమని తర్వాత తెలిసింది. మా నీళ్లలో ముందే కావలసినంత సున్నం ఉంది, ఆ రాళ్లు కొత్తగా కలిపింది ఎంతో లేదు. పెద్ద గులకల మధ్య వేరుకు పట్టు దొరకకపోవడం, తినడానికి ఏమీ లేకపోవడం అసలు కారణాలు. ఈనెలు పచ్చగా మిగిలి కొత్త ఆకు పసుపెక్కితే అది సాధారణంగా ఇనుము లోటు. క్షారం ఎక్కువైన నీళ్లలో ఇనుము మొక్కకు అందని రూపంలోకి మారిపోతుంది.

నేనేమో సున్నానికి విరుగుడు వెతుకుతూ జపాన్ దాకా వెళ్లాను. తకాషి అమానో (1954–2015) అనే ఫొటోగ్రాఫర్ నీటి అడుగున తోటలు కట్టడాన్ని ఒక కళగా మార్చాడు. తొట్టిలో పాచి తినే అమానో రొయ్యకు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. ఆ దారిలో పుట్టిందే ‘ఆక్వా సాయిల్’. నల్లమట్టిని చిన్న గుళికలుగా చేసి, నీళ్లలో చెదరని గట్టిదనం వచ్చేలా వేడిచేసి అమ్ముతారు. గుళిక లోపలంతా సూక్ష్మమైన రంధ్రాలు, పోషకాలను పట్టి ఉంచే బంకమట్టి, కొంత సేంద్రియ ఆమ్లం ఉంటాయి. ఇది నీళ్లలోని కాల్షియాన్ని పట్టుకుని ఆమ్లాన్ని వదులుతుంది. దాంతో నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, పీహెచ్, ఆరున్నర దగ్గరికి దిగుతుంది. నాకు కావలసింది ఇదే అనిపించింది. ఇలాంటివి ఇప్పుడు చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, అందులో ఒకదాని సంచి తెప్పించాను. లెక్క తేలికే: 60ని 30తో, మళ్లీ సగటు మందం 5తో గుణించి 1,000తో భాగిస్తే తొమ్మిది లీటర్లు.

మొదటి వారం ఆ మట్టి నుంచి అమ్మోనియా ఊరుతుందని సంచి మీదే రాసి ఉంది. చదివాను కూడా. కానీ తొట్టి అంత అందంగా కనిపిస్తుంటే ఖాళీగా ఉంచడానికి చేతులు రాలేదు. ఐదో రోజున ఆరు నియాన్ టెట్రాలు తెచ్చి వదిలాను. రెండు రోజులు హాయిగా తిరిగాయి. అమ్మోనియా పరీక్ష చుక్కలు వేస్తే పసుపు రంగులో ఉండాల్సిన నీళ్లు ముదురాకుపచ్చగా మారాయి. భయపడి సగం నీళ్లు తీసేసి కుళాయి నీళ్లు నింపాను. తెల్లారేసరికి ఐదు చేపలు అడుగున ఉన్నాయి.

నీళ్లు మార్చబట్టే చచ్చాయని అర్థం కావడానికి నాకు వారం పట్టింది. ఆమ్ల గుణం ఉన్న నీళ్లలో అమ్మోనియా చాలావరకు అమ్మోనియంగా ఉంటుంది, చేప దాన్ని ఓర్చుకోగలదు. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే విషమయ్యే భాగం దాదాపు పది రెట్లవుతుంది. తొట్టిలో పీహెచ్ ఆరున్నర, నేను పోసిన నీళ్లది ఎనిమిది. అంటే విషాన్ని నా చేతులతోనే మేల్కొలిపాను. ఖాళీ తొట్టిలో నాలుగు వారాలు నీళ్లు తిప్పుతూ కూర్చుంటే, అమ్మోనియాను తినే బాక్టీరియా కుదురుకునేది. నాకు ఆ ఓపిక లేకపోయింది.

ఆ తర్వాతే, మొదటే చేయవలసిన పనికి కూర్చున్నాను. నీళ్లను కొలిచాను. మా అపార్టుమెంటు సంపులో మున్సిపాలిటీ నీళ్లూ బోరు నీళ్లూ కలిసిపోతాయి. ఎండాకాలం బోరుదే పైచేయి. కార్బొనేట్ కాఠిన్యం 14 డిగ్రీలు, మొత్తం కాఠిన్యం 19 వచ్చింది, అంటే సున్నం నిండిన గట్టి నీళ్లు. వారం వారం ఇరవై ఐదు లీటర్లు మారుస్తుంటే, మారుస్తున్న ప్రతిసారీ ఆ గుళికలు కొత్త సున్నంతో మళ్లీ కుస్తీ పట్టాలి. ఐదు నెలలు ఆ కుస్తీ పట్టాయి, తర్వాత చేతులెత్తేశాయి. పీహెచ్ 6.6 నుంచి మెల్లగా ఎక్కి 7.8 దగ్గర నిలిచింది. మట్టి తప్పేమీ లేదు. మెత్తటి నీళ్లో, ఆర్వో నీళ్లో వాడేవాళ్ల దగ్గర అదే మట్టి రెండేళ్లు నడుస్తుంది. నా నీళ్లకు అది సరిపడదు, అంతే.

ఇంతలో కంటి పరీక్ష కోసం నాన్న హైదరాబాద్ వచ్చాడు. కళ్లలో చుక్కలు వేయించుకుని వచ్చి, మసక చూపుతోనే తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చాలాసేపు చూసి, “ఇది కుండీ కాదు కదా బిడ్డా, మడి” అన్నాడు.

నేనేమో అప్పటివరకు దాన్ని కుండీ అనే అనుకున్నాను. కుండీ మట్టిలో గాలి ఆడాలి, నీళ్లు కిందికి దిగిపోవాలి. మడి అలా కాదు. దమ్ము చేశాక నీళ్లు నిలిచిన మట్టిలో పైపొర కింద గాలి ఉండదు. అక్కడ తుప్పులాంటి ఎర్ర ఇనుము నీళ్లలో కరిగే రూపంలోకి మారుతుంది, పట్టి ఉన్న భాస్వరమూ కొంత విడుదలవుతుంది. మరి వేరు ఊపిరాడక చావాలి కదా? చావదు. వరి తన కాడ లోపలి గొట్టాల గుండా ఆకు నుంచి వేరు దాకా గాలిని పంపుకుంటుంది. వరి మొక్క పీకినప్పుడు వేళ్ల మీద కనిపించే తుప్పు రంగు ఆ గాలి చలవే. నీళ్లలో పుట్టి పెరిగే క్రిప్టోకొరైన్, వాలిస్నేరియా మొక్కల వేళ్లదీ ఇదే పద్ధతి. అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ అంగుళం మట్టి వేసి, దాని మీద అంగుళం గులక కప్పి తొట్లు పెంచే పద్ధతిని 1999 నాటికే వివరంగా రాసింది. నేను ముందే చదివాను. కానీ మట్టి అనగానే బురద అని భయపడి పక్కన పెట్టాను. నాన్న మడి అన్నాకే అది బుర్రకెక్కింది.

తర్వాతి నెల ఊరికి వెళ్లినప్పుడు మూడు సంచుల్లో మూడు రకాల మట్టి తీశాం. ఒకటి నల్లరేగడి, రెండోది మా మడిలోది, మూడోది గుట్ట వాలులో సీతాఫలం చెట్ల కింది ఎర్ర చెలక మట్టి. ఒక్కోటీ గాజు సీసాలో మూడో వంతు వేసి, నీళ్లు నింపి, బాగా కుదిపి అరుగు మీద పెట్టాం. ఎర్రమట్టి గంటలోనే సగం తేరుకుంది. అడుగున మందంగా ఇసుక, దాని మీద పలచగా బంక. నల్లరేగడి సీసా మూడో రోజుకూ కాఫీలాగే ఉంది. పోషకాలను పట్టి ఉంచడంలో రేగడి ముందు ఎర్రమట్టి నిలవలేదు, నా మనసు అటే లాగింది కూడా. కానీ అందులో చిన్న చిన్న సున్నపు గడ్డలు కలిసి ఉన్నాయి. వెనిగర్ చుక్క పడగానే పొంగాయి. మడి మట్టిని నాన్నే వద్దన్నాడు. “అందులో ఎన్ని మందులు కొట్టానో నాకు తెలుసు, నీ చేపలకు తెలియదు.” గుప్పెడు వర్మీకంపోస్టు కలుపుదామా అంటే దానికీ ఒప్పుకోలేదు. పచ్చి ఎరువు దున్నిన మడిలో వెంటనే నాటు వేస్తే వేళ్లు మాడతాయట.

ఎర్రమట్టిని హైదరాబాద్ తెచ్చి మేడ మీద టబ్బులో నానబెట్టాను. తేలిన పుల్లలు, ఆకులు ఏరేసి, నీళ్లు వంచేసి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టాను. ఇలా నాలుగుసార్లు చేసేసరికి మూడు వారాలు పట్టింది. ఇలా తడిసి ఆరుతుంటే లోపలి చెత్త చాలావరకు అక్కడే కుళ్లిపోతుంది. తొట్టిలోకి వెళ్లాక పెద్దగా అమ్మోనియా వదలదు. చివరికి పిండి జల్లెడతో జల్లించాను. ఆ జల్లెడ ఇప్పుడు అక్వేరియం సామాన్లలోనే ఉంది, వంటింట్లోకి రానివ్వడం లేదు.

పైన కప్పే ఇసుక కోసం ఇంకో తిప్పలు. ఇల్లు కట్టే చోట అడిగి తెచ్చిన వాగు ఇసుకలో నత్తగుల్లల ముక్కలున్నాయి, అంటే మళ్లీ సున్నమే. రాళ్లు పొడిచేసి చేసే ఎం-శాండ్ కడిగితే రాతిపిండి వస్తూనే ఉంది, పన్నెండు బకెట్ల తర్వాత నేనే ఆపేశాను. చివరికి బోరు నీళ్ల ఫిల్టర్లలో వాడే సిలికా ఇసుక దొరికింది. గూడూరు పక్కన చిల్లకూరు, కోట ప్రాంతాల్లో గాజు పరిశ్రమ కోసం తవ్వే ఇసుక ఈ జాతిదే. రేణువు ఒకటి రెండు మిల్లీమీటర్లు. వెనిగర్ పోస్తే ఉలుకూ పలుకూ లేదు. ఇంకా సన్నదైతే గట్టిపడిపోతుంది, ఇంకా లావైతే మేత లోపలికి జారుతుంది.

మట్టి రెండున్నర సెంటీమీటర్లు, దాని మీద ఇసుక మూడు. ముందు అద్దం వెంబడి మూడు వేళ్ల వెడల్పున మట్టి వేయకుండా ఇసుకే పోశాను, లేకపోతే ఎర్రచార బయటికి కనిపిస్తుంది. వేరుతో ఎక్కువగా తినే అమెజాన్ స్వోర్డ్ కోసం అదే ఎర్రమట్టిని ముద్ద చేసి, నెమ్మదిగా కరిగే ఎరువు గింజలు మూడేసి పెట్టి, గోళీలుగా చుట్టి ఎండబెట్టి కింద పాతాను. నీళ్లు పోసేటప్పుడు ఇసుక మీద అన్నం పళ్లెం పెట్టి, దాని మీద సన్నగా ధార పోశాను. నిండడానికి గంటకు పైగా పట్టింది. మామూలు మనిషినైతే బకెట్ ఎత్తి కుమ్మరించేదాన్ని. ఐదు చేపల జ్ఞాపకం నా చెయ్యి పట్టి ఆపింది.

నాటిన నాలుగో రోజుకు క్రిప్టోకొరైన్ ఆకులన్నీ జిగురుగా కరిగిపోయాయి. చోటు మారితే అది చేసే పేచీ అది, వేరును కదపకుండా వదిలేస్తే మూడు వారాల్లో కొత్త ఆకు వేసింది. పదో రోజున అడుగు నుంచి బుడగలు లేచాయి. వాసన చూస్తే ఏమీ లేదు. వరి మడిలో కాలు పెట్టినప్పుడు లేచే బుడగలవంటివే. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తేనే కంగారు పడాలి. ఒక మూల ఇసుకలో నల్లటి మచ్చ కనిపించి ఆ వాసన కొద్దిగా తగిలితే, వెదురు పుల్లతో నెమ్మదిగా గుచ్చి వదిలాను. ఆ పని ఇప్పుడు మొక్కలతోపాటు వచ్చిన మలేషియా నత్తలు చేస్తున్నాయి. పగలంతా ఇసుకలో దూరి, రాత్రి బయటికి వస్తాయి.

వాలిస్నేరియా కాఠిన్యాన్ని లెక్కచేయదు. నీళ్లలోని బైకార్బొనేట్‌ను కూడా వాడుకునే మొక్క అది, మన చెరువుల్లోనూ పెరుగుతుంది. రెండు నెలలకే వెనక అద్దం కనిపించకుండా కమ్మేసింది. చేపలుగా గప్పీలు వేశాను, వాటికీ గట్టి నీళ్లంటే ఇష్టమే.

ఈ పద్ధతిలో చిక్కు లేకపోలేదు. ఒక స్వోర్డ్‌ను పక్కకు జరుపుదామని పీకితే, జానెడు వేళ్లతోపాటు ఎర్రమట్టి లేచి తొట్టంతా సాగర్ కాలువకు కొత్త నీళ్లొచ్చినట్టయింది. రెండు రోజులు ఫిల్టర్ దూది మారుస్తూనే ఉన్నాను. వారానికోసారి మొక్కలు మార్చి నాటే అలవాటున్నవాళ్లు దీని జోలికి రావద్దు. అలాగే అనుబియాస్, జావా ఫెర్న్ మాత్రమే పెంచుకునేవాళ్లకు ఈ తతంగం దేనికి? వాటి దుంపకాడను మట్టిలో పూడిస్తేనే కుళ్లుతుంది. కొయ్యకు దారంతో కడితే చాలు, కింద ఉత్త ఇసుక ఉన్నా ఒకటే.

శక్తి ఉడిగిన జపాన్ రకం మట్టిని పారేయలేక ఆరబెట్టి బాల్కనీలోని కరివేపాకు కుండీలో వేశాను. ఈసారి వచ్చినప్పుడు నాన్న పప్పు తాలింపుకు నాలుగు రెబ్బలు తుంచి, వాసన చూసి, నా వైపు తిరిగాడు.

“ఈ కరివేపాకు కిలో ఎంత పడింది బిడ్డా?”