మణికట్టు మీద పట్టీ

"ఇంతేనారా?" అని మామ కుడి మణికట్టు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. గుండె నాళం మూసుకుపోకుండా లోపల పెట్టే సన్నటి జాలీ గొట్టాన్ని స్టెంటు అంటారు; అది వెయ్యాలంటే ఛాతీ కోసుంటారనుకున్నాడు పాపం. ఉన్నదల్లా ఒక ప్లాస్టిక్ బ్యాండు, దాని కింద సూది గుచ్చినంత గాటు. ఆ గాటులోంచే, చేతి రక్తనాళం గుండా, స్టెంటును గుండె దాకా పంపారు.

తెల్లారుజామున అలిపిరి దగ్గర చెమటలు పట్టి కూలబడ్డాడు. "గ్యాసేమోలేరా, సోడా తాగితే పోతుంది" అన్నాడు. నేనూ సోడా కోసం నాలుగడుగులు వేశాను. ఆ నాలుగడుగులే ఇప్పటికీ మనసులోంచి పోవట్లేదు.

అది గ్యాసు కాదు, గుండెపోటు. ఇలాంటప్పుడు ఆసుపత్రి గడప తొక్కిన 90 నిమిషాల్లోపు మూసుకుపోయిన నాళం తెరవాలట. ఆలస్యమయ్యేకొద్దీ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది.

1977లో జ్యూరిచ్‌లో గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు మొదటిసారి బెలూన్‌తో గుండె నాళం తెరిచాడు. ఆయనెవరో మామకు తెలీదు. నాకు మాత్రం ఈ రాత్రి ఆయనకో దణ్ణం పెట్టాలనుంది.

మామ నిద్రపోయాడు. బ్యాండు వదులు చెయ్యడానికి నర్సమ్మ వచ్చింది.