నాన్న గుండెలో తలుపులు

"అదిగో, ఆ రెపరెపలాడుతున్నదే మైట్రల్ వాల్వ్, గుండెలో ఒక తలుపు" అన్నారు డాక్టరు గారు, స్క్రీన్ మీద వేలు పెట్టి చూపిస్తూ. నాన్న ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకుని ఉన్నారు. ఛాతీ మీద జెల్ రాసి ప్రోబ్ కదుపుతుంటే ఎకో స్కాన్‌లో ఆయన గుండె!

పల్చటి రెండు రెక్కలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. రెప్ప వేయడం మర్చిపోయా.

లబ్-డబ్ అనేది ఆ కవాటాలు మూసుకునే చప్పుడట. చిన్నప్పుడు నాన్న ఛాతీ మీద చెవి ఆనించి నిద్రపోయేదాన్ని. ఇన్నేళ్ళూ నేను విన్నది తలుపుల చప్పుడన్నమాట.

గుండెలో కుడి గది, రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపితే చాలు. ఎడమ గది మాత్రం నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా తోయాలి, అందుకే దాని గోడ అంత మందం. ఒక్కో దెబ్బకి సుమారు 70 మిల్లీలీటర్లు. నిమిషానికి దాదాపు 5 లీటర్లు, అంటే ఒంట్లో ఉన్న రక్తం మొత్తం!

ఇంకో సంగతి అప్పట్నుంచీ మనసులో తిరుగుతూనే ఉంది. ఒళ్ళంతటికీ రక్తం పంపే ఈ గుండె, ఎడమ గది కండరానికి కావలసిన రక్తాన్ని ఎక్కువగా అందుకునేది తను వదులైనప్పుడేనట. రెండు దెబ్బల మధ్య దొరికే ఆ కాస్త సందులో.

రోజుకి లక్ష సార్లు. 68 ఏళ్ళుగా.

రిపోర్టు బాగానే ఉంది. ఇంటికొచ్చి నాన్న కునుకు తీస్తుంటే, మణికట్టు మీద మెల్లగా రెండు వేళ్ళు పెట్టి కూర్చున్నా.

"ఏంటమ్మా?" అన్నారు కళ్ళు తెరవకుండానే.

"ఏం లేదు నాన్నా, పడుకో."