కేబిన్ బ్యాగులో పవర్ బ్యాంకు, కెటిల్, ట్రిమ్మర్: ఏది ఎక్కడ సర్దాలి?

వస్తువు ఎంత చిన్నదన్నది తర్వాత. ముందు దాని లోపల బ్యాటరీ ఉందా లేదా చూడండి. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి వెళ్లినా, సింగపూర్‌కి వెళ్లినా సర్దడం అక్కడే మొదలవ్వాలి.

పవర్ బ్యాంకును చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు. లిథియం బ్యాటరీ లోపల షార్ట్ అయితే ఒక సెల్ వేడి పక్క సెల్‌కి పాకి మంట లేస్తుంది. కేబిన్‌లో అయితే సిబ్బంది చూసి వెంటనే నీళ్లు పోసి చల్లార్చగలరు, కింద సామాన్ల గదికి వాళ్ల చెయ్యి అందదు. అందుకే పవర్ బ్యాంకును పైన అరలో బ్యాగు అడుగున కూరకుండా దగ్గరే ఉంచుకోండి.

బ్యాటరీలో నిల్వ ఉండే శక్తిని వాట్-అవర్లలో (Wh) కొలుస్తారు. 100 వాట్-అవర్ల దాకా మామూలుగా అనుమతిస్తారు. 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే ఎక్కనివ్వరు. లెక్క తేలికే: పవర్ బ్యాంకు మీద రాసి ఉన్న ఎంఏహెచ్‌ని (mAh) సెల్ వోల్టేజీ 3.7తో గుణించి 1000తో భాగించాలి. 20,000 ఎంఏహెచ్ అంటే 74. 27,000 అయితే 99.9, అంటే అంచు మీద ఉన్నట్టు. 30,000 అయితే 111, అనుమతి తప్పదు. చాలామంది పొరబడేది 3.7 బదులు 5 వేసి. ఆ 5 వోల్టులు బయటికి వచ్చే కరెంటుకి, సెల్‌కి కాదు. ఇంకో చిక్కు, వాడగా వాడగా లేబుల్ మీద అంకెలు చెరిగిపోతాయి. అవి కనబడకపోతే తనిఖీ సిబ్బంది దాన్ని ఆపేయొచ్చు. కొత్తగా ఉన్నప్పుడే పైన పారదర్శక టేపు అతికించండి.

ఏటీఆర్ లాంటి చిన్న విమానాల్లో పైన అరలు ఇరుకు. కేబిన్ బ్యాగుని గేటు దగ్గరే తీసుకుని కింద సామాన్లలో వేసేస్తారు. ఆ హడావుడిలో పవర్ బ్యాంకు లోపలే ఉండిపోతుంది! దాన్ని, విడి బ్యాటరీలని ఒక చిన్న సంచిలో పెట్టి బ్యాగు పైభాగంలో ఉంచితే ఒక్క లాగుతో చేతికొస్తాయి. విడి బ్యాటరీల కొనలకి టేపు వేయండి, తాళాలకీ చిల్లరకీ తగిలితే షార్ట్ అవుతాయి.

ట్రిమ్మర్‌కి లాక్ ఉంటే వేయండి, లేకపోతే స్విచ్ మీద టేపు. బ్యాగులో దానంతటదే మోగితే తనిఖీ తప్పదు.

కెటిల్‌లో బ్యాటరీ ఉండదు కాబట్టి కేబిన్‌లో పెట్టొచ్చు. పూర్తిగా ఆరబెట్టి, లోపల ఏమీ కూరకండి. జీడిపప్పు పొట్లాలు కుక్కితే ఎక్స్-రేలో ఏముందో తేలక బ్యాగు విప్పిస్తారు. వైరు చుట్టి విడిగా పెట్టండి. బరువు కూడా చూసుకోవాలి, దేశీయ విమానాల్లో ఎకానమీ వాళ్లకి కేబిన్ బ్యాగు సాధారణంగా 7 కిలోలే. ఇస్త్రీ పెట్టె, మిక్సీ చెక్-ఇన్‌లోకే. మిక్సీ జార్ బ్లేడు పదునైన వస్తువు, కేబిన్‌లో ఆపేస్తారు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు కెటిల్ ఇక్కడే వదిలేయడం మేలని నా మాట. అక్కడ 120 వోల్టులు, మనకి 230. ఎడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుంది తప్ప వోల్టేజీని మార్చదు. మన 1000 వాట్ల కెటిల్ అక్కడ దాదాపు 270 వాట్లే ఇస్తుంది, నీళ్లు కాగేసరికి విసుగొస్తుంది. ఫోన్, లాప్‌టాప్ ఛార్జర్ల మీద '100-240' అని రాసి ఉంటే ఎక్కడైనా పనిచేస్తాయి, పిన్ను సరిపోతే చాలు. సింగపూర్‌లో వోల్టేజీ మనదే, మూడు దీర్ఘచతురస్రాకారపు పిన్నుల ఎడాప్టర్ మాత్రం కావాలి.