అరిసెల పాకం చూసే చేతికి అంజూర పాకం

మా ఇంటి వెనక ఉన్న అంజూర చెట్టు కొమ్మ నాటితే బతికిన చెట్టు. మా మామగారు ఒక తోటలో కత్తిరింపులు జరుగుతున్నప్పుడు పారేయబోతున్న కొమ్మను తడి గోనెసంచిలో చుట్టి తెచ్చి, బావి గట్టు పక్కన గుచ్చారు. అది పూనా రకం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో చాలా చెట్లు బతకడానికే ఇబ్బంది పడతాయి గానీ, అంజూరకు ఈ పొడి గాలే మేలు చేస్తుంది. పండు పక్వానికి వచ్చే రోజుల్లో వాన పడితే పగిలి, ఒక్క పూటలో పులిసిపోతుంది; ఎండ కాస్తే లోపలి తీపి చిక్కబడి, పండు అడుగున ఉన్న చిన్న కన్ను దగ్గర తేనెచుక్క లాంటిది పేరుకుంటుంది. ఆ చుక్క కనిపించి, తొడిమ మెడ వాలినప్పుడే కోయాలి. మామిడి లాగా ముందే కోసి గడ్డిలో మాగవేద్దామంటే కుదరదు, ఎందుకంటే కోసిన తరువాత అంజూర మెత్తబడుతుందే తప్ప తీపెక్కదు.

చెట్టు రోజుకు పది పదిహేను పండ్లిస్తుంది. కోకిలలకూ గబ్బిలాలకూ చీమలకూ పోగా మిగిలిన వాటిని ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు నిలుస్తాయి, మూడో రోజుకు అడుగు చెమ్మగిల్లుతుంది. తినేవాళ్ళం ముగ్గురం, పంచిపెట్టే ఇళ్ళు నాలుగు. ఆ పైన మిగిలిన వాటిని చక్కెర పాకంలో నిల్వ చేయడం మూడేళ్ళుగా నేర్చుకుంటున్నాను. నేర్చుకుంటున్నాను అనడంలో వినయమేమీ లేదు. మొదటి రెండేళ్ళూ చెడగొట్టాను.

మొదటి ఏడు చెడడానికి కారణం పండు తీపే. ఇంత తియ్యటి పండుకు చక్కెర ఎందుకని సగానికి సగం తగ్గించాను, నిమ్మరసం పిండనే లేదు. ఇరవై రోజులకు మూత తీస్తే బుడగలు లేచి, గుప్పున కల్లు వాసన వచ్చింది. ఆవకాయను ఉప్పు, నూనె, మామిడిలోని పులుపు కలిసి కాపాడతాయి. అంజూరలో ఆ పులుపు లేదు. ఆమ్లతను కొలిచే పీహెచ్ లెక్కలో (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) ఈ పండు 5కు పైన, ఒక్కోసారి 6 దగ్గరగా ఉంటుంది. గాలి చొరకుండా మూసిన సీసాలో ప్రాణాంతకమైన విషాన్ని పుట్టించే బాక్టీరియా పెరగకుండా ఉండాలంటే ఆ పీహెచ్ 4.6 కన్నా తక్కువ ఉండాలి. కాబట్టి నిమ్మరసం ఇక్కడ రుచికి వేసేది కాదు, వేసినా వేయకపోయినా పరవాలేదు అనుకునేది అంతకన్నా కాదు. నాకు కల్లు వాసనతో తెలిసిపోయింది గనక అదృష్టవంతురాలిని. ఆ విషం ఉన్నా వాసన రాని సీసాలు ఉండవచ్చు.

రెండో ఏడు సంగతి వేరు. ఆ ఏడు చక్కెర సరిగ్గా వేశాను, నిమ్మరసం పిండాను, పొయ్యి దగ్గర మా అత్తగారు కూడా నిలబడ్డారు. నలభై ఏళ్ళుగా సంక్రాంతికి అరిసెల పాకం పడుతున్న చేయి ఆమెది. పళ్ళెంలో నీళ్ళు పోసి, గరిటెతో ఒక చుక్క పాకం వేసి, వేలితో దగ్గరికి లాగి చూశారు. “నీళ్ళలో పడితే కరిగిపోతాంది, ఇంగా కాగల్లమ్మా,” అన్నారు. కాగనిచ్చాము. మళ్ళీ చూశారు, మళ్ళీ కరిగింది. మూడోసారో నాలుగోసారో ఆ చుక్క నీళ్ళలో ఉండ కట్టింది, ఆమె తృప్తిగా మంట ఆర్పారు. మర్నాడు సీసాలో చెంచా దిగలేదు. పండ్లు ముదురు పాకంలో బిగుసుకుపోయి, రాతిలో ఇరుక్కున్న గులకరాళ్ళలాగా కనిపించాయి. పిల్లవాడు ఒక ముక్కను పల్లీపట్టీ కొరికినట్టు కొరికి తిన్నాడు.

ఆమె తప్పేమీ లేదు. బెల్లం పాకం నీళ్ళలో మెత్తటి ఉండ కట్టాలంటే సుమారు 115 డిగ్రీల దాకా వేడెక్కాలి, అరిసెకు ఆ పదును కావాలి. పండ్లతో చేసే నిల్వ పాకానికి అంత వేడి అక్కరలేదు. నీళ్ళు మరిగే వేడి మీద నాలుగున్నర డిగ్రీలు దాటితే చాలు, అప్పటికి పాకంలో చక్కెర వంతు నూటికి 65 దాకా చేరుతుంది. సముద్రమట్టం దగ్గర అయితే అది 104, 105 మధ్య ఉంటుంది. మా ఊరు మూడు వందల మీటర్లకు పైన ఉంది గనక ఇక్కడ నీళ్ళే 99కి కాస్త ముందుగా మరుగుతాయి, అందుకే నేను 103 దాటగానే మంట తగ్గిస్తాను. థర్మామీటరు లేనివాళ్ళకు పళ్ళెం పరీక్ష ఉంది గానీ ఆ పళ్ళెంలో నీళ్ళు ఉండకూడదు. చిన్న స్టీలు పళ్ళేన్ని ముందుగా ఫ్రిజ్‌లో చల్లబరచి, దాని మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి, వేలితో అంచు నుంచి మెల్లగా నెట్టాలి. పైన పాల మీగడలాగా ముడత పడితే పాకం అయినట్టు. నీళ్ళలాగా జారితే ఇంకా కొంచెం కాగాలి.

ఈ ఏడు చేసిన పద్ధతి ఇది. రెండు కిలోల గట్టి పండ్లను, పూర్తిగా మెత్తబడని వాటిని ఏరుకున్నాను. తొడిమ కోస్తే కారే తెల్లటి పాలు చర్మాన్ని మండిస్తాయి, మాంసకృత్తులను కరిగించే గుణం వాటికి ఉంది. పనసకాయ కోసేటప్పటిలాగే చేతులకు వేరుశనగ నూనె రాసుకున్నాను. మేడిపండు అంజూరకు దగ్గరి చుట్టమే కదా, లోపల పురుగులుంటాయేమో అని ఇంటికి వచ్చినవాళ్ళు అడుగుతూనే ఉంటారు. కొన్ని అంజూర రకాలు కాయాలంటే చిన్న కందిరీగ లోపలికి దూరాల్సిందే గానీ, పూనా రకానికి ఆ అవసరం లేదు. అయినా కన్ను తెరుచుకున్న పండ్లలోకి చీమలు దూరుతాయి, అందుకని అలాంటి వాటిని పక్కకు తీసి విప్పి చూశాను.

పండ్లను కడిగి, పుల్లతో రెండు మూడు చోట్ల గుచ్చి, 1 కిలో 100 గ్రాముల చక్కెరను పొరలు పొరలుగా చల్లి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. దీనికి ఓపిక పట్టడం ముఖ్యం. పచ్చి పండును ఒక్కసారిగా చిక్కటి పాకంలో పడేస్తే లోపలి నీరంతా బయటికి వచ్చి, పండు ముడుచుకుని తోలులాగా సాగుతుంది. రాత్రంతా ఊరితే నీరు బయటికి, చక్కెర లోపలికి నెమ్మదిగా నడుస్తాయి. తెల్లవారి చూస్తే పండ్లు లేత గులాబీ రంగు రసంలో మునిగి ఉన్నాయి. నీళ్ళు పోయనవసరం రాలేదు.

అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో, పులుపుకు అల్యూమినియం పనికిరాదు గనక, సన్నటి మంట మీద పెట్టి, ఒక చిన్న అల్లం ముక్కను చితక్కొట్టి వేశాను. గరిటెతో తిప్పితే పండు చితుకుతుంది. గిన్నె చెవులు పట్టుకుని ఊపడమే మేలు. గంటకు పైగా పట్టింది. పండు తోలు అద్దంలాగా మారి లోపలి గింజలు బయటికి కనిపించినప్పుడు నాలుగు నిమ్మకాయల రసం, కొలిస్తే 60 మిల్లీలీటర్లు, పోసి మరికాసేపు కాగనిచ్చి పళ్ళెం పరీక్ష చేశాను. ముడత పడింది.

పది నిమిషాలు మరిగించిన సీసాల్లో, పైన పావు అంగుళం ఖాళీ వదిలి, వేడివేడిగా నింపాను. మూతలు బిగించి, అడుగున గుడ్డ పరిచిన పెద్ద గిన్నెలో సీసాలు పూర్తిగా మునిగేలా నీళ్ళు పోసి మరో పది నిమిషాలు మరిగించాను. తీసి బల్ల మీద పెట్టిన కాసేపటికి మూతలు ఒక్కొక్కటే టక్కుమని లోపలికి కుంగాయి. ఏడు సీసాల్లో ఒకటి ఆ చప్పుడు చేయలేదు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి ముందుగా వాడటం మొదలుపెట్టాము.

మా అత్తగారు దాన్ని జొన్నరొట్టెలో మీగడ పెరుగుతో తిన్నారు. పాకం మిగిలితే నిమ్మసోడాలో కలుపుకోవచ్చు. పండుతో పాటు ఉడికిన అల్లం ముక్కను పారేద్దామని గిన్నెలో వెతికితే కనిపించలేదు, ఆమె నములుతున్నారు.