గోధుమ రంగు చుక్కలు

రొమ్ములో గడ్డకు చేసిన బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజు నా కంటికి ఆనింది ఒక్క మాటే, క్యాన్సర్. దాని కింద ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగటివ్ అని రాసి ఉన్నా పట్టించుకోలేదు. ఆపరేషన్, రేడియేషన్ ఎలాగో గడిచిపోయాయి. అసలు కష్టం ఆ తర్వాత ఇచ్చిన చిన్న మాత్రతో మొదలైంది. టామాక్సిఫెన్, 20 మిల్లీగ్రాములు, రోజుకొకటి, 5 ఏళ్లు.

రెండో నెలకల్లా ఒంట్లో ఆవిర్లు. అర్ధరాత్రి మెడ దగ్గర మొదలై ముఖమంతా పాకేది, లేచి కూర్చునేలోపే బట్టలు తడిసిపోయేవి, ఆ వెంటనే వణికించే చలి. గడ్డ ఎలాగూ తీసేశారు, ఇంకా ఈ బాధ ఎందుకని 11 రోజులు మాత్ర మానేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చెకప్‌లో చెప్పక తప్పలేదు. డాక్టరు గారు కోప్పడకుండా మైక్రోస్కోపులో తీసిన నా గడ్డ స్లైడు ఫొటో స్క్రీన్ మీద పెట్టారు. లేత నీలం కణాలు, చాలావాటి నడుమ కేంద్రకం మాత్రం ముదురు గోధుమ రంగు చుక్కలా ఉంది. "ఈ రంగున్న చోటల్లా ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉందమ్మా, అంటే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను వచ్చి అతుక్కునే ప్రొటీన్. రిపోర్టులో ఈఆర్ అంటే ఇదే. జన్యువులుండే చోటే కూర్చుని ఉంది" అన్నారు. ఈస్ట్రోజన్ వచ్చి అతుక్కుంటే ఆ రిసెప్టర్లు జతకట్టి డీఎన్ఏను పట్టుకుంటాయట, కణాన్ని విభజన వైపు నెట్టే సైక్లిన్ డీ1 లాంటి జన్యువులను పనిలోకి దింపుతాయట. పీఆర్, అంటే ప్రొజెస్టిరాన్ రిసెప్టర్ కూడా ఈస్ట్రోజన్ చెబితే తయారయ్యే ప్రొటీనే, అది పాజిటివ్ అంటే నా గడ్డలో ఆ స్విచ్ నిజంగానే పనిచేస్తోందన్నమాట! టామాక్సిఫెన్ ఈస్ట్రోజన్ కూర్చోవాల్సిన చోటులో తనే కూర్చుని రిసెప్టర్ ఆకారం మార్చేస్తుంది, దాంతో జన్యువులను నడిపించే ప్రొటీన్లకు బదులు ఆపేవి వచ్చి చేరతాయి. ఎక్కడైనా ఒకటీ అరా కణాలు మిగిలిపోయినా వాటికి పెరగమనే కబురు అందకూడదు, అందుకే ఇన్నేళ్లు.

ఇదే మందు గర్భసంచిలో మాత్రం కొంత ఈస్ట్రోజన్‌లాగే పనిచేస్తుంది, అందుకే అనుకోని రక్తస్రావం కనిపిస్తే వెంటనే చెప్పమన్నారు. దయచేసి ఇది ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. ఆవిర్లకు వెన్లాఫాక్సిన్ రాశారు. పారోక్సెటిన్ మాత్రం వద్దన్నారు, టామాక్సిఫెన్‌ను ఇంకా గట్టిగా పనిచేసే ఎండాక్సిఫెన్‌గా మార్చే కాలేయ ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుందట.

ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. ఆవిర్లు పూర్తిగా పోలేదు, వారానికి ఒకట్రెండు సార్లు వస్తాయి. ఆ స్లైడు ఫొటో అడిగి తీసుకున్నాను, ఫోన్‌లోనే ఉంది. మాత్ర వేసుకోబుద్ధి కాని రాత్రి తీసి చూస్తాను.